గుండెపోటు రోగి దగ్గర నర్సు ఏం అడగాలి, ఏం చూడాలి, ఏం రాయాలి

బెంగళూరు గుండె ఆసుపత్రుల ఎమర్జెన్సీ ముందు హిందూపురం, అనంతపురం, మదనపల్లె, పలమనేరు వైపు నుంచి వచ్చిన అంబులెన్సులు తరచూ కనిపిస్తాయి. లోపల కన్నడ, మలయాళం, హిందీ, ఇంగ్లీషు నడుస్తుంటాయి. స్ట్రెచర్ మీదున్న మనిషికి మాత్రం తెలుగు తప్ప మరోటి రాదు. జీఎన్ఎమ్మో, బీఎస్సీ నర్సింగో పూర్తి చేసి ఇక్కడి ఎమర్జెన్సీల్లో, సీసీయూల్లో (గుండె రోగుల ఐసీయూల్లో) చేరుతున్న మన తెలుగు పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మందుల మోతాదులు అక్కడక్కడా చెప్పాను. అవి మీకు అర్థం కావడానికే. ఇవ్వాల్సింది మాత్రం డాక్టరు ఆర్డరు, మీ ఆసుపత్రి ప్రోటోకాల్ ప్రకారమే.

మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచేది కార్డియాలజిస్టు. కానీ రోగికి జరిగే నష్టంలో చాలా భాగం ఆయన ఎదురుగా లేనప్పుడే జరుగుతుంది. గేటు దగ్గర, లిఫ్టులో, షిఫ్టు మారే పావుగంటలో, తెల్లవారుజామున 4 గంటలకు. ఆ సందుల్లో ఉండేది నర్సు ఒక్కరే. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ సందుల గురించే.

గేటు దగ్గర: మొదటి 10 నిమిషాలు

రోగి లోపలికి వచ్చిన 10 నిమిషాల్లో 12 లీడ్ల ఈసీజీ తీసి, దాన్ని చదవగల డాక్టరు చేతిలో పెట్టాలి. రిజిస్ట్రేషను, అడ్వాన్సు, కార్డులు, ఇవన్నీ వెంట వచ్చినవాళ్లు చూసుకుంటారు. వాటి కోసం ఈసీజీ ఆగకూడదు.

ఆలస్యం మనం అనుకోని చోట మొదలవుతుంది. "ఛాతీ నొప్పి ఉందా?" అని అడిగితే సీమ పెద్దాయన "నొప్పేం లేదు సిస్టరమ్మా" అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఎద బరువుగా ఉంది, మంటగా ఉంది, ఎడమ రెట్ట లాగుతోంది, దవడ పట్టేసింది. వీటిలో దేన్నీ ఆయన నొప్పి అనడు. "గ్యాసు పట్టింది, సోడా తాగినా పోలే" అంటాడు. కాబట్టి అడిగే తీరు మార్చండి. "ఎదలో ఎట్లుంది పెద్దాయనా? బరువా, మంటా, పట్టేసినట్టా? చెమటలు పట్టినాయా? చెయ్యి గానీ, వీపు గానీ లాగుతోందా?" అని అడగండి. షుగర్ ఉన్నవాళ్లు, ఆడవాళ్లు, బాగా వయసు మళ్లినవాళ్లు అయితే ఎద మాటే ఎత్తకపోవచ్చు. ఆయాసం, వాంతి, కళ్లు తిరగడం, మంచం దిగలేనంత నీరసం, ఇంతే చెబుతారు. నా మట్టుకు నేను పాటించే పద్ధతి ఇది: 30 దాటిన మనిషి దవడకూ బొడ్డుకూ మధ్య ఎక్కడ ఇబ్బంది అన్నా ముందు ఈసీజీ, తర్వాతే మిగతా ప్రశ్నలు.

2021 అక్టోబరు 29న కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే గుండె ఆగి పోయాక ఈ ఊళ్లో కుర్రాళ్లు కూడా ఎద పట్టుకుని ఎమర్జెన్సీకి వస్తున్నారు. "భయంతో వచ్చాడులే" అని నవ్వేసి పక్కన కూర్చోబెట్టకండి. ఈసీజీకి 5 నిమిషాలు పట్టదు.

రెండో ప్రశ్న, ఎప్పుడు మొదలైందని. "రాత్రి నుంచి" అంటే అది టైము కాదు. నాళంలోని రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అనేది లక్షణాలు మొదలై 12 గంటలు దాటాయా లేదా అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. అందుకే తరచి అడగాలి. "సంగటి తిన్నాకనా, తినక ముందా? సీరియల్ చూస్తుండగానా? కరెంటు పోయినప్పుడు మెలకువగానే ఉన్నారా?" ఇంటావిడకు గుర్తుంటుంది, ఆమెనూ అడగండి. వచ్చిన సమాధానాన్ని గడియారం టైముగా మార్చి కేస్ షీట్ మీద రాయండి.

ఈసీజీ తీయడంలో తేడాలు

తప్పుగా తీసిన ఈసీజీ అసలు తీయనిదాని కంటే ప్రమాదం. ఛాతీ మీద అంటించే వీ1, వీ2 లీడ్లను చాలామంది ఒక పక్కటెముక సందు పైన పెట్టేస్తారు. రొమ్ము ఎముక పై భాగంలో వేలికి తగిలే గట్టు ఉంటుంది కదా, దాని పక్కనే రెండో పక్కటెముక. అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ దిగితే నాలుగో సందు దొరుకుతుంది. కుడి పక్క వీ1, ఎడమ పక్క వీ2. ఐదో సందులో కాలర్ ఎముక మధ్య నుంచి గీసిన గీత మీద వీ4. వీ2కూ వీ4కూ నడుమ వీ3. చంక ముందు గీత మీద వీ5, చంక మధ్య గీత మీద వీ6, రెండూ వీ4 ఎత్తులోనే. ఆడవాళ్లకు వీ4ని రొమ్ము మీద కాకుండా కింద పెట్టండి. తెర లాగి, పైన టవల్ కప్పి, "అమ్మా, ఎద మీద ఇవి అంటించాలి, ఒక్క నిమిషం" అని చెప్పి చేయండి. సిగ్గుతో మనిషి బిగుసుకుంటే గీతలన్నీ వణుకుతాయి. చెమటను గాజుగుడ్డతో తుడవండి, వెంట్రుకలు దట్టంగా ఉంటే ట్రిమ్మర్ పెట్టండి.

2, 3, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్టీ (ఈసీజీ గీతలో ఒక భాగం) పైకి లేస్తే డాక్టరు అడిగేదాకా ఆగకుండా కుడి వైపు వీ4ఆర్ కూడా తీయండి. గుండె కుడి భాగం దెబ్బతిందా అన్నది అక్కడ తెలుస్తుంది. అలాంటి రోగికి నైట్రోగ్లిసరిన్ ఇస్తే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. వీ1 నుంచి వీ3 వరకు ఎస్టీ కిందికి దిగి ఉంటే వీపు వైపు వీ7, వీ8, వీ9 తీయండి. మొదటి ఈసీజీ మామూలుగా ఉండి ఇబ్బంది మాత్రం తగ్గకపోతే 15 నుంచి 30 నిమిషాలకోసారి మళ్లీ తీయాలి. ఎస్టీ లేచిన ఈసీజీ కళ్లెదుట ఉంటే ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిందా చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు కోసం ఎవరూ కూర్చోకూడదు.

ఇంకో సంగతి. ఈసీజీ మిషను మీద టైము, గోడ గడియారం, క్యాత్ ల్యాబ్ (నాళం తెరిచే గది) మానిటర్, మూడింటినీ ఓసారి పక్కపక్కన చూడండి. చాలాచోట్ల మూడూ మూడు టైములు చూపిస్తాయి. ఒకటి 7 నిమిషాలు ముందు, ఇంకొకటి 5 నిమిషాలు వెనక ఉందనుకోండి, మనం రాసే ప్రతి లెక్కా అబద్ధమే. వారానికోసారి ఫోనులో టైము చూసి అన్నిటినీ సరిచేసే పని ఒకరికి అప్పజెప్పండి. ఖర్చు లేని పని, అయినా ఎవరూ చేయరు.

మొదటి మందులు: ఇచ్చే ముందు అడగాల్సినవి

ఆస్పిరిన్ 300 లేదా 325 మి.గ్రా. నమిలి మింగించాలి. దాంతోపాటు క్లోపిడోగ్రెల్ గానీ టికాగ్రెలార్ గానీ, అటోర్వాస్టాటిన్ 80 మి.గ్రా. ఇది అందరికీ తెలిసిన జాబితానే. చిక్కు ఎక్కడంటే, వేరే ఆసుపత్రి నుంచి రిఫర్ అయి వచ్చిన రోగికి ఇవన్నీ అక్కడే ఇచ్చేసి ఉంటారు. స్లిప్పు మీద రాసి ఉండదు, లేదా స్లిప్పు కొడుకు జేబులో ఉంటుంది, ఆ కొడుకు బిల్లింగ్ క్యూలో ఉంటాడు. "అక్కడ మాత్రలు మింగించినారా? ఎన్ని? కడుపు మీద సూది వేసినారా? చేతికి సూది వేసినారా?" అని అడిగి, రిఫరల్ ఆసుపత్రికి ఫోను చేసి రూఢి చేసుకోండి. హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) రెండుసార్లు పడితే రక్తస్రావం అవుతుంది.

కర్ణాటకలో పునీత్ రాజ్‌కుమార్ పేరు మీద నడుస్తున్న హృదయ జ్యోతి పథకం కింద తాలూకా ఆసుపత్రుల్లోనే ఈసీజీ తీసి, అవసరమైతే గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఇచ్చి పంపుతున్నారు. అలా వచ్చిన రోగి విషయంలో ఇంజెక్షన్ ఎన్ని గంటలకు పడిందో మొదట తెలుసుకోవాలి. ఇంజెక్షన్ పనిచేసిన రోగికి 2 నుంచి 24 గంటల లోపు యాంజియోగ్రామ్ చేస్తారు. పనిచేయకపోతే వెంటనే క్యాత్ ల్యాబ్‌కి తీసుకెళ్లాలి. ఆ టైము లేకపోతే రెండు లెక్కలూ తప్పుతాయి.

ఆక్సిజన్ అందరికీ పెట్టేయడం పాత అలవాటు. శాచురేషన్ 90 శాతం కంటే తగ్గితేనే కావాలి. "మాస్కు కూడా పెట్టలేదేంటి" అని ఇంటివాళ్లు గొడవ చేస్తే, రక్తంలో ఆక్సిజన్ చాలినంత ఉందని మానిటర్ మీద అంకె చూపించి చెప్పండి. వింటారు.

క్యాన్యులా ఎడమ ముంజేతికి వేయండి. కుడి మణికట్టును క్యాత్ ల్యాబ్ వాళ్లకు వదిలేయాలి. ఎక్కువ యాంజియోప్లాస్టీలు అక్కడి నుంచే చేస్తారు.

నైట్రోగ్లిసరిన్ ఇచ్చే ముందు మూడు చూడాలి. పై బీపీ 90 కంటే తక్కువ ఉందా, కుడి గుండె దెబ్బతిందా, సిల్డెనాఫిల్ లాంటి మాత్ర ఈమధ్య వేసుకున్నాడా. మూడోది అడగడానికి మన పిల్లలు మొహమాటపడతారు. భార్యను, కొడుకును "రెండు నిమిషాలు బయట ఉండండి" అని పంపి, గొంతు తగ్గించి అడగండి. "అన్నా, ఈ రెండు రోజుల్లో మగతనం మాత్ర ఏమైనా వేసుకున్నారా? డాక్టరుకు తప్ప నేను ఎవరికీ చెప్పను. వేసుకుని ఉంటే ఈ మందు ఇస్తే బీపీ పడిపోతుంది, అందుకే అడుగుతున్నా." సిల్డెనాఫిల్ అయితే 24 గంటలు, టాడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేటు దగ్గరికి పోకూడదు. సమాధానం వచ్చాక డాక్టరుకు చెప్పి, షీటులో రాయండి. అది అందరికీ కనిపించే బోర్డు మీద రాసే సంగతి కాదు.

గడ్డ కరిగించే ఇంజెక్షన్ పడుతున్నప్పుడు

యాంజియోప్లాస్టీ చేయగల ఆసుపత్రికి రోగి నేరుగా వస్తే 90 నిమిషాల్లోపు నాళం తెరవాలన్నది లక్ష్యం. ఎస్టీ లేచిందని తేలిన 120 నిమిషాల్లో అది కుదిరేలా లేకపోతే, వద్దనడానికి కారణాలేవీ లేవని చూసుకుని, ఇంజెక్షన్ ఇస్తారు. మెదడులో ఎప్పుడైనా రక్తస్రావం జరిగిందా, ఈమధ్య పక్షవాతం వచ్చిందా, తలకు దెబ్బ తగిలిందా, పెద్ద ఆపరేషన్ అయిందా, మలంలో రక్తం పడుతోందా, ఈ చెక్‌లిస్టును తెలుగులో అడిగి, పక్కనే టిక్ పెట్టండి. "స్ట్రోక్ వచ్చిందా" అంటే లేదంటారు. "చెయ్యి కాలు పడిపోయిందా, మూతి వంకర పోయిందా" అంటే "పోయిన సంక్రాంతికి నాలుగు దినాలు" అని బయటికి వస్తుంది.

టెనెక్టెప్లేస్ బరువును బట్టి ఇస్తారు. 60 కిలోల లోపు 30 మి.గ్రా., ఆపైన ప్రతి పది కిలోలకూ 5 పెంచుకుంటూ 90 దాటితే 50. వయసు 75 ఏళ్లు దాటినవాళ్లకు సగం మోతాదు ఇస్తారు. అందుకే "ఎంత ఉంటారు?" అని అడిగి రాయొద్దు. వెంటవచ్చినవాళ్లు చెప్పే బరువు పెళ్లినాటిది. బెడ్ స్కేలు ఉంటే తూచండి. స్ట్రెప్టోకైనేస్ అయితే 15 లక్షల యూనిట్లు, 30 నుంచి 60 నిమిషాల్లో ఎక్కుతుంది. మధ్యలో బీపీ పడిపోవడం, దద్దుర్లు, చలి జ్వరం మామూలే. బీపీ పడితే వేగం తగ్గించి లేదా ఆపి, కాళ్లు ఎత్తి, డాక్టరును పిలవాలి. ఇదివరకు ఎప్పుడైనా స్ట్రెప్టోకైనేస్ పడి ఉంటే మళ్లీ ఇవ్వరు, కాబట్టి పాత డిశ్చార్జి కాగితాలు చూడాల్సిందే.

ఇంజెక్షన్ పడ్డాక కండకు సూదులు వద్దు, అవసరం లేని చోట గుచ్చొద్దు, గట్టి బ్రష్‌తో పళ్లు తోమించొద్దు. ప్రతి పావుగంటకూ బీపీతో పాటు మాట్లాడించి చూడండి. "మీ మనవడి పేరేంది?" అంటే తడబడకుండా చెప్పాలి. కొత్తగా తలనొప్పి, వాంతి, మాట ముద్దగా రావడం, ఉన్నట్టుండి మత్తుగా పడుకోవడం, వీటిలో ఏది కనిపించినా మందు ఎక్కుతుంటే ఆపి, డాక్టరును పిలిచి, సీటీకి సిద్ధం కావాలి. "అలసిపోయి నిద్రపోయాడు" అని రాసి వదిలేయడమే ఇక్కడ పెద్ద ప్రమాదం.

60 నుంచి 90 నిమిషాలకు మళ్లీ ఈసీజీ. ఎస్టీ సగానికి పైగా దిగకపోతే, నొప్పి అలాగే ఉంటే, ఇంజెక్షన్ పనిచేయలేదని అర్థం. ఆ ఈసీజీ ఫైల్లో పెట్టడం కాదు, ఫోను చేయడం నర్సు పని.

క్యాత్ ల్యాబ్‌కి వెళ్లే దారి, తిరిగొచ్చాక

స్ట్రెచర్ మీద డీఫిబ్రిలేటర్ (గుండెకు షాక్ ఇచ్చే మిషను) లేకుండా రోగిని కదిలించకండి. లిఫ్టు రెండంతస్తులే కావచ్చు. వీఎఫ్ (గుండె కొట్టుకోకుండా వణికే ప్రాణాంతకమైన లయ) రావడానికి అది చాలు. ఆక్సిజన్ సిలిండర్ మీటరు, మానిటర్ బ్యాటరీ కదిలే ముందే చూసుకోవాలి. కన్సెంట్ ఫారం కన్నడలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. వివరించాల్సింది డాక్టరు, మీరు దుబాసీ, సాక్షి. పదేళ్ల మనవరాలికి కన్నడ వచ్చు కదా అని ఆ పిల్ల చేత "తాతకు ప్రాణాపాయం ఉండొచ్చు" అని చెప్పించకండి.

తిరిగొచ్చాక చాలా యూనిట్లలో మొదటి గంట 15 నిమిషాలకోసారి, తర్వాత అరగంటకోసారి, ఆపైన గంటకోసారి చూస్తారు. మణికట్టుకు రక్తం ఆపే బ్యాండు ఉంటే ఆ చేతి బొటనవేలికి పల్స్ ఆక్సిమీటర్ పెట్టి తరంగం వస్తుందో లేదో చూడండి. వేళ్లు తెల్లబడ్డా, తిమ్మిరెక్కిందన్నా, ముంజెయ్యి ఉబ్బినా పిలవండి. తొడ దగ్గర నుంచి చేసి ఉంటే దుప్పటి పైనుంచి చూసి "డ్రెస్సింగ్ పొడిగా ఉంది" అని రాయడం పనికిరాదు. దుప్పటి తీయాలి. గజ్జల్లో వేళ్లతో నొక్కి గట్టిగా ఉందా చూడాలి. పిర్ర కిందికి గ్లవ్ వేసిన చెయ్యి పోనిచ్చి చూడాలి, రక్తం ముందుకు రాకుండా అక్కడ చేరుతుంది. మనిషి పాలిపోయి, నడుము నొప్పి అంటూ, నాడి పెరిగి, బీపీ దిగుతుంటే బయట చుక్క కనిపించకపోయినా లోపల రక్తం పోతోందనే అనుకోవాలి. "పడుకుని పడుకుని నడుం పట్టేసింది" అని ఆయనే చెబుతాడు, మనమూ దిండు సర్ది వచ్చేస్తాం. ముందు బీపీ, తర్వాత దిండు.

తొడ దగ్గర నాళంలో పెట్టిన గొట్టం (షీత్) తీసేటప్పుడు అట్రోపిన్ సిరంజిలోకి తీసి పెట్టుకోండి. నొక్కుతుండగా నాడి ఒక్కసారిగా పడిపోవచ్చు. మూత్రం గంటకు కిలో బరువుకు అర మి.లీ. తగ్గకుండా వస్తోందా చూడండి, యాంజియోగ్రామ్‌కు ఎక్కించిన రంగు మందు కిడ్నీలను దెబ్బతీయవచ్చు. స్టెంట్ పడ్డాక మళ్లీ ఎద పట్టేసిందంటే అది గ్యాసు కాదు, వెంటనే ఈసీజీ.

మొదటి రాత్రి

గుండెపోటు తర్వాత తొలి గంటల్లోనే ప్రాణాంతకమైన లయ తప్పడం ఎక్కువ. డీఫిబ్రిలేటర్‌ను ప్రతి షిఫ్టులో టెస్ట్ చేసి ఆ చీటీని రిజిస్టర్‌లో అంటించండి, ప్లగ్ తీసి బ్యాటరీ మీద కూడా. ఒక చిన్న సంగతి ప్రాణం తీస్తుంది. కార్డియోవర్షన్ (తప్పిన లయను సరిచేసే షాక్) చేసినప్పుడు నొక్కిన సింక్ బటన్ (షాక్‌ను గుండె కొట్టుకునే తీరుతో కలిపేది) కొన్ని మిషన్లలో అలాగే ఉండిపోతుంది. వీఎఫ్ వచ్చినప్పుడు ఎంత నొక్కినా షాక్ పడదు. మీ మిషను ఏ రకమో ఖాళీ టైములో తెలుసుకోండి. ఛాతీ నొక్కుడు నిమిషానికి 100 నుంచి 120, లోతు 5 నుంచి 6 సెం.మీ. బైఫేసిక్ షాక్ కంపెనీ చెప్పిన జౌల్స్, మామూలుగా 120 నుంచి 200. డాక్టరు వచ్చేదాకా ఆగకుండా శిక్షణ పొందిన నర్సు షాక్ ఇవ్వొచ్చని మీ యూనిట్ పాలసీలో రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే రాయించండి. నా దృష్టిలో సీసీయూలో పాలసీ కాగితాలన్నిటిలో ఇదే ముఖ్యమైనది.

అలారాల గురించి ఇంకో మాట. రాత్రంతా టింగు టింగుమంటుంటే చెవి మూసుకుపోతుంది, ఎవరో ఒకరు సైలెంట్ నొక్కేస్తారు. ఎలక్ట్రోడ్లు రోజూ మార్చండి, చెమట పట్టిన చర్మాన్ని తుడిచి అంటించండి, రోగిని బట్టి లిమిట్లు పెట్టండి. మామూలుగానే నాడి 52 ఉన్న మనిషికి 60 దగ్గర లిమిట్ పెడితే ఆ అలారం నిజం చెప్పినా ఎవరూ నమ్మరు.

షాక్‌లోకి జారిపోయే రోగి (ఇది కరెంటు షాక్ కాదు, గుండె ఒంటికి చాలినంత రక్తం పంపలేని స్థితి) బీపీ పడకముందే తెలుస్తాడు. అరచేతులు, పాదాలు చల్లబడతాయి, మూత్రం తగ్గుతుంది, మనిషి ఒకచోట ఉండడు. లేస్తానంటాడు, మాస్కు పీకుతాడు, "ఇంటికి పోతాం పా" అంటాడు. దాన్ని గొడవ అనుకుని నిద్రమాత్రకు ఆర్డరు అడగడం చూస్తుంటాం. పాదం పట్టుకుని చూడండి. చల్లగా ఉంటే కావాల్సింది డాక్టరు. మొదటి వారంలో ఎప్పుడైనా ఉన్నట్టుండి ఆయాసం ముంచుకొచ్చి, గుండెలో కొత్త మర్మర్ (చప్పుళ్ల మధ్య అదనపు శబ్దం) వినిపిస్తే కవాటమో గోడో చినిగి ఉండొచ్చు. అది పరుగెత్తాల్సిన సంగతి.

పేర్లు, వయల్స్, అంకెలు

బెంగళూరు వార్డులో ఒకేసారి వెంకటేశప్ప, వెంకటేశులు, వెంకటరమణ పక్కపక్క బెడ్ల మీద ఉంటారు. మనకు ఇంటిపేరు అక్షరం ముందు, కన్నడిగులకు చాలామందికి వెనక. "వెంకటేశ్ గారా?" అంటే ముగ్గురూ ఊ అంటారు. "మీ పూర్తి పేరు చెప్పండి" అని ఆయన నోటితో చెప్పించి, చేతి బ్యాండు మీద ఐపీ నంబరుతో సరిచూడండి. ప్రతిసారీ.

హెపారిన్ వయల్ 5 మి.లీ.దే రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకదాంట్లో మి.లీ.కి 1,000 యూనిట్లు, ఇంకోదాంట్లో 5,000. ఒకే ట్రేలో ఉంటే చీకట్లో రెండూ ఒకటే. 50 కిలోల మనిషికి కిలోకు 60 చొప్పున 3,000 యూనిట్ల బోలస్ రాశారనుకుందాం. మొదటి వయల్ నుంచి 3 మి.లీ. తీయాలి, రెండోదాన్నుంచి 0.6 మి.లీ. చేతికి అలవాటైన 3 మి.లీ.ని రెండో వయల్ నుంచి తీస్తే 15,000 యూనిట్లు పడతాయి. యూనిట్‌లో ఒకే రకం ఉంచమని ఫార్మసీని అడగండి. అది కుదిరేదాకా ఇద్దరు నర్సులు ఎవరి లెక్క వాళ్లు విడిగా వేసుకుని సరిపోల్చాలి. "మూడే కదా?" "ఆ, మూడే" అనుకోవడం డబుల్ చెక్ కాదు.

పొటాషియం క్లోరైడ్ 10 మి.లీ. ఆంప్యూల్ డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్ లాగానే ఉంటుంది. వేరే డబ్బాలో తాళం వేసి పెట్టండి. నేరుగా సిరంజితో ఎక్కించడం ఎప్పటికీ లేదు. ఇన్సులిన్, నారడ్రినలిన్ కూడా పొరపాటు జరిగితే ప్రాణం మీదికి తెచ్చే మందులే. నారడ్రినలిన్ సిరంజి అయిపోయే ముందే రెండోది సిద్ధంగా పెట్టుకోవాలి. మార్చే నిమిషంలో బీపీ కుప్పకూలుతుంది.

ఫోనులో ఆర్డరు వస్తే రాసుకుని, చదివి వినిపించి, "అవును" అనిపించుకోండి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోనులో ఒకేలా వినిపిస్తాయి. "వన్ ఫైవ్ ఆ సార్, ఫైవ్ జీరో ఆ?" అని అడగండి. విసుక్కున్నా పర్వాలేదు.

అప్పజెప్పేటప్పుడు, పిలిచేటప్పుడు

షిఫ్టు అప్పగింత కౌంటరు దగ్గర కాదు, మంచం దగ్గరే. ఇద్దరూ కలిసి పంపుల మీద అంకెలు, గజ్జలు, మణికట్టు, మూత్రం సంచి చూడాలి. డాక్టరుకు ఫోను చేసేటప్పుడు "పేషెంట్ బాగాలేడు సార్" అంటే ఆయనకు ఏమీ అర్థం కాదు. ఇలా చెప్పండి:

"సార్, సీసీయూ 7వ బెడ్. 58 ఏళ్లాయన, ముందు గోడ గుండెపోటు, సాయంత్రం 6:40కి స్టెంట్ వేశారు. పావుగంట నుంచి గాబరాగా ఉన్నాడు. బీపీ 116 నుంచి 94కి వచ్చింది, నాడి 118, పాదాలు చల్లగా ఉన్నాయి, రెండు గంటల్లో మూత్రం 30 మి.లీ. షాక్‌లోకి వెళ్తున్నాడేమోనని అనుమానం. ఈసీజీ తీస్తున్నాను. మీరు వెంటనే వచ్చి చూడాలి."

ఎవరు, ఏం జరిగింది, ఇప్పుడు ఏం కనిపిస్తోంది, నేనేం అనుకుంటున్నాను, మీరు ఏం చేయాలి. ఐదూ అర నిమిషంలో అయిపోతాయి. నాలుగోది చెప్పడానికి మనవాళ్లు జంకుతారు. చెప్పండి. డాక్టరు ఎత్తకపోతే తర్వాత ఎవరికి చేయాలో ఆ నంబర్లు ఫోను పక్కనే అంటించి ఉండాలి.

తిండి, మూత్రం, ఇంటివాళ్లు

మలబద్ధకం వస్తే రోగిని ముక్కనివ్వొద్దు, మెత్తబరిచే మందుకు డాక్టరును అడగండి. మొదటి రోజు టాయిలెట్‌కు ఒంటరిగా పంపొద్దు, మంచం పక్కన కమోడ్ పెట్టండి. "సిస్టరును అడగడమేంటి" అని సిగ్గుపడి తెల్లవారుజామున తానే లేచి పడిపోయేది మన పెద్దాయనలే. ఆవకాయ సీసా దిండు పక్కన కనిపిస్తే తిట్టకుండా తీసి ఇంటావిడకు ఇవ్వండి. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఉంటుంది, కిడ్నీ లెక్కలు తేలేదాకా వద్దని చెప్పండి. ఇంటి నుంచి తెచ్చుకున్న మాత్రల సంచి మొత్తం తీసుకుని రాసి, ఫైల్లో పెట్టండి. లేకపోతే అదే బీపీ మాత్ర వార్డులో ఒకటి, సంచిలోంచి ఒకటి పడుతుంది.

ఇంటికి పంపే రోజు

డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, రోగి వెళ్లేది కదిరికో పుంగనూరుకో. మాత్రల స్ట్రిప్పులను ముందు పెట్టుకుని, ఉదయానివి, రాత్రివి వేరు చేసి, కవరు మీద తెలుగులో రాయండి. చదువు రాకపోతే సూర్యుడు, చంద్రుడు బొమ్మ వేయండి. తర్వాత ఆయన్నే చెప్పమనండి. "ఇప్పుడు మీరు నాకు చెప్పండి పెద్దాయనా, రాత్రికి ఏవి?" తప్పు చెబితే మళ్లీ మొదలుపెట్టండి.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది రక్తం పలచబరిచే రెండు మాత్రల గురించి. స్టెంట్ పడ్డాక మామూలుగా ఏడాది వరకు రెండూ వాడమంటారు. పన్ను పీకే డాక్టరు ఆపమన్నా, ఊళ్లో ఎవరైనా ఆపమన్నా, కార్డియాలజిస్టును అడగకుండా ఒక్కరోజూ ఆపొద్దు. ఉన్నట్టుండి ఆపితే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఈ మాట కొడుకుకూ, భార్యకూ విడివిడిగా చెప్పండి. మళ్లీ ఎద పట్టేస్తే నాలుక కింద మాత్ర కూర్చుని పెట్టుకోవాలని, 5 నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోను చేయాలని, బస్సెక్కి బెంగళూరు రావడానికి బయలుదేరకూడదని చెప్పండి. దగ్గర్లో ఈసీజీ తీసే ఆసుపత్రి ఏదో వాళ్లతోనే చెప్పించి కాగితం వెనక రాయండి.

లెక్క రాయడం

నెలకోసారి ఎస్టీ లేచిన కేసులన్నీ తీసి నాలుగు టైములు వరసలో రాయండి: గేటు, ఈసీజీ, క్యాత్ ల్యాబ్‌కు ఫోను, నాళం తెరిచింది. ఎవరి పేర్లూ వద్దు. రెండు మూడు నెలలు రాస్తే ఆలస్యం ఎక్కడ పేరుకుంటోందో కనిపిస్తుంది. ఈసీజీకీ ఫోనుకూ మధ్య అయితే డాక్టరుకు కాగితం చూపించే పద్ధతి మార్చాలి. గేటుకూ ఈసీజీకీ మధ్య అయితే మిషను ట్రయేజ్ (రోగిని మొదట చూసే) బల్ల పక్కకు జరపాలి, స్టోర్ రూములో పెట్టి తాళం చెవి కోసం వెతకడం కాదు.

తప్పిపోయిన ప్రమాదాలను కూడా రాయించండి. తప్పు వయల్ చేతిలోకి తీసుకుని ఇవ్వకముందే ఆగిన నర్సు ఆ సంగతి రాస్తే ఇన్‌ఛార్జి మొదట అడగాల్సింది "ఆ రెండు వయల్స్ పక్కపక్కన ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు" అని. మెమో ఇచ్చారో, ఆ యూనిట్‌లో ఇంకెవరూ ఏమీ రాయరు. రాత్రి షిఫ్టులో మనుషులు చాలకపోతే ఈ టైముల కాగితమే సూపరింటెండెంట్ బల్ల మీద పెట్టండి. ఏ గంటల్లో ఆలస్యం పెరుగుతోందో అందులో ఉంటుంది. ఆ గంటలకు ఒక నర్సును అదనంగా అడగండి, ఇవ్వకపోతే వచ్చే నెల కాగితంతో మళ్లీ వెళ్లండి.